కలువకు కొత్త నీళ్లు వద్దు

తిరుపతిలో ఈ మధ్య కట్టుకున్న కొత్త ఇళ్లలో చాలామంది ముంగిట్లోనో పెరట్లోనో చిన్న నీటి తొట్టి కట్టించుకుంటున్నారు. కలువలు పెంచాలని ముచ్చట. నర్సరీలో దుంప కొని తెచ్చి వేస్తారు. నాలుగు ఆకులు తేలతాయి, ఒకటో రెండో పూలు పూస్తాయి, తర్వాత నీళ్లు పచ్చబడతాయి. ఇక అక్కడి నుంచి టెన్షన్ మొదలు. నీళ్లు తోడెయ్యడం, గోడలు బ్రష్షు పెట్టి రుద్దడం, కొత్త నీళ్లు పట్టడం. కొన్నాళ్లకు మళ్లీ పచ్చబడతాయి, మళ్లీ తోడేస్తారు. ఏడాది తిరిగేసరికి కలువ ఉండదు. ఖాళీ తొట్టిలో మిగిలిపోయిన టైల్సు, సిమెంటు బస్తాలు చేరతాయి. "మా ఇంటికి కలువ అచ్చిరాలేదు" అని ఒక మాట అనేసుకుంటారు.

అచ్చిరాకపోవడం ఏమీ లేదు. నేను చూసినంతలో కలువను పట్టించుకోక చంపినవాళ్ల కంటే, నీళ్లు మార్చి మార్చి చంపినవాళ్లే ఎక్కువ. అందుకే ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతున్నాను: నీళ్లు మార్చడం మానెయ్యండి. ఆ ఓపిక మట్టి మీద పెట్టండి, ఎండ పడేలా చూడండి, ముదిరిన ఆకులూ వాడిన పూలూ తీసెయ్యండి. చెరువులో కలువకు ఎవరూ నీళ్లు మార్చరు.

నీళ్లు ఎందుకు పచ్చబడతాయో తెలిస్తే సగం భయం పోతుంది. ఆ రంగు విడివిడిగా కంటికి ఆననంత సన్నటి పాచిది. దానికి కావలసినవి ఎండ, నీళ్లలో కరిగిన సారం. కొత్త తొట్టిలో రెండూ దండిగా ఉంటాయి. కలువ ఇంకా వేళ్లూనలేదు, ఆకులు నీటిని కప్పలేదు, ఎండ అడుగు దాకా దిగుతుంది. మట్టిలోని సారం కొంత నీళ్లలోకి వస్తుంది. పాచికి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఈ దశ దానంతటదే దాటిపోతుంది. కలువ కుదురుకుని ఆకులు పరిచాక కింద నీడ పడుతుంది. సారాన్ని కలువ వేళ్లే లాగేసుకుంటాయి. పాచిని తినే నీటి పురుగులు, ఇసుక రేణువంతవి, పుట్టుకొస్తాయి. కొన్ని వారాలు ఓపిక పడితే అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటపడుతుంది. సరిగ్గా ఈ మధ్యలో మనం నీళ్లు తోడేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది. కొత్త నీళ్లతోపాటు పాచికి కొత్త మేత కూడా పడుతుంది.

గోడలు రుద్దడం ఇంకా చేటు. చేపలున్న తొట్టిలో వాటి మలం నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. గోడలకు, కుండీల అంచులకు, రాళ్లకు జిగురుగా పట్టుకుని ఉండే బాక్టీరియా ఆ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కలువకు ఎరువు. "జారుడుగా ఉంది, చూడలేకపోతున్నాం" అని మనం రుద్ది పారేసేది ఈ బాక్టీరియానే. రుద్దిన రెండు మూడు రోజులకు చేపలు తేలిపోతే నీళ్లు బాగాలేవనుకుని మళ్లీ తోడేస్తాం. కొందరైతే బ్లీచింగ్ పౌడరు కూడా చల్లుతారు. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. పాచి పోవడం సంగతి అటుంచి చేపలూ పోతాయి, కలువ లేత ఆకులూ మాడిపోతాయి.

మా వీధిలో ఒక పెద్దాయన నాతో గట్టిగా వాదించాడు. "అదేంది నాయనా, కొండ మీద పుష్కరిణినే ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు మూసి, నీళ్లన్నీ తీసేసి, కడిగి నింపుతారు గదా. నువ్వేమో మార్చొద్దంటావు!" అన్నాడు. మాట సబబే. కానీ పుష్కరిణి మనుషులు మునిగే చోటు. తిరుచానూరు పద్మసరోవరంలో కార్తీకంలో పంచమీతీర్థం రోజు ఎంతమంది మునుగుతారో మనందరికీ తెలుసు. మనిషి మునిగే నీళ్లు మారాల్సిందే. మన పెరటి తొట్టిలో మునిగేది చేపలూ కప్పలూ. వాటికి ఆ పాత నీళ్లే ఇల్లు.

ఒక్క సందర్భంలో మాత్రం నీళ్లు మార్చి తీరాలి. కొత్తగా సిమెంటుతో కట్టిన తొట్టి నుంచి సున్నం నీళ్లలోకి దిగుతుంది. అందులో నేరుగా కలువ వేస్తే వేళ్లు మాడతాయి, చేపలు వేస్తే చస్తాయి. నింపి, వారం నానబెట్టి, పారబోసి, మళ్లీ నింపి, అలా రెండు మూడు విడతలు చెయ్యాలి. అరటిబోదె ముక్కలు వేసి నానబెట్టే అలవాటు మన వైపు పాతదే, మేస్త్రీలే చెబుతారు. ఆ పని అయ్యాక ఇక తొట్టిని దాని మానాన వదిలెయ్యాలి.

ఇప్పుడు మట్టి సంగతి. అసలు పనంతా ఇక్కడే. నర్సరీలో కుండీ మొక్కలకు కలిపి ఇచ్చే మట్టి, అంటే కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపింది, కలువకు పనికిరాదు. పొట్టు పైకి తేలుతుంది, కంపోస్టు నీళ్లలో కుళ్లి వాసన వేస్తుంది, పాచికి మేత అవుతుంది. కలువకు బరువైన బంకమట్టి కావాలి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఉన్నన్ని చెరువులు ఉండగా మట్టి కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. వేసవిలో పూడిక తీసి పొలాలకు తోలుకుంటారు కదా, ఆ ఒండ్రు నాలుగు గంపలు తెచ్చుకుంటే చాలు. కలువ పుట్టిందే ఆ మట్టిలో. చెరువు ఎండి నేల నెర్రెలు బారినా అడుగు మట్టిలో దుంప బతికే ఉంటుంది. వానలు పడి నీళ్లు చేరాక మళ్లీ ఆకు పైకి వస్తుంది. అంత మొండి మొక్క మన తొట్టిలో చస్తోందంటే తప్పు మొక్కది కాదు.

లోతు కంటే వెడల్పు ఎక్కువున్న బేసిన్ తీసుకోండి. అడుగున రంధ్రాలు అక్కర్లేదు. మట్టిని తడిపి, పిసికి, గడ్డలు లేకుండా నింపాలి. దుంప కొన, అంటే ఆకులు పుట్టే చోటు, మట్టిలో కూరుకుపోకూడదు, పైకి కనిపించాలి. పైన వేలి మందాన ముతక ఇసుక పరిస్తే చేపలు మట్టిని కెలకవు. తొట్టిలో ముందు ఇటుకల మీద పెట్టి, ఆకులు అందుకునే కొద్దీ ఇటుకలు తీసేస్తూ కిందికి దించాలి. చివరికి దుంప మీద అడుగున్నర, రెండడుగుల నీళ్లు ఉంటే సరిపోతుంది.

ఎరువు వెయ్యాల్సిందే. కలువ తిండిపోతు. పూలు తగ్గి, ఆకులు చిన్నవై, పసుపు తిరుగుతుంటే దానికి ఆకలేస్తోందని అర్థం. కానీ ఎరువు నీళ్లలో చల్లితే తినేది పాచి. డీఏపీ అర చెంచా తీసుకుని నిమ్మకాయంత బంకమట్టి ముద్దలో పెట్టి మూసి, నీడలో ఆరబెట్టి, బేసిన్ అంచున మట్టిలోకి వేలు పోయినంత లోతుకు దూర్చాలి. దుంపకు తగలకూడదు. పూసే కాలంలో నెలకోసారి ఇలా పెడితే చాలు. ఇది చేసేటప్పుడు చెయ్యి మోచేతి దాకా బురదలో ఉంటుంది. నాకు ఈ పని ఇష్టం. తిరుమల మహాద్వారం దగ్గర వేలాడే గునపాన్ని మనమంతా దండం పెట్టుకుని దాటుతాం. రామానుజాచార్యుల మాట మీద కొండకు వచ్చి స్వామికి పూదోట పెంచిన అనంతాళ్వారుది అది. ఆయన తోట కోసం చెరువు తవ్వాడు, గర్భిణి అయిన భార్య మట్టి మోసిందని స్థలపురాణం. మన ఊళ్లో పూల సేవ అంటేనే ముందు మట్టి పని.

ఎండ గురించి బేరం లేదు. రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ పడకపోతే ఆకులే తప్ప పూలు రావు. వేపచెట్టు కిందా, పోర్టికోలోనూ కట్టిన తొట్టిలో కలువ వేసి పూలు రాలేదని బాధపడి లాభం లేదు. తొట్టి కట్టకముందే ఆ చోట పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ ఎటు తిరుగుతుందో ఒక రోజు చూడండి. మిద్దె మీద పెట్టేవాళ్లు బరువు కూడా లెక్క చూసుకోవాలి. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు.

ఎండ తర్వాత నిలకడ. ఫౌంటెనూ కలువా ఒకే తొట్టిలో కుదరవు. చాలామంది ఆర్కిటెక్టులు ప్లానులో రెండూ కలిపి గీస్తారు, చూడ్డానికి బాగుంటుంది. కానీ కలువ ఆకు శ్వాసరంధ్రాలు పై వైపున ఉంటాయి. మామూలు మొక్కలకు ఎక్కువగా ఆకు కింది వైపున ఉంటాయి. కలువ ఆకు కింది వైపంతా నీళ్లే కాబట్టి గాలి తీసుకోవాల్సింది పైనుంచే. ఎప్పుడూ నీళ్లు చిమ్ముతుంటే ఆకు పాడవుతుంది, పూలు తగ్గుతాయి. రోడ్డు దుమ్ము పేరుకున్నా అంతే. రోడ్డు పక్క ఇళ్లవాళ్లు వారానికోసారి మగ్గుతో మెల్లగా నీళ్లు పోసి ఆకుల మీది దుమ్ము కడిగితే మంచిది. ఫ్రాన్సులో జివెర్నీ అనే ఊళ్లో చిత్రకారుడు మోనే తన కలువల కొలను చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక తోటమాలిని పెట్టుకున్నాడు. ఆకుల మీద దుమ్ము కడగడం కూడా అతని పనే. ఊరివాళ్లేమో మొదట్లో ఆ వింత మొక్కల వల్ల తమ నీళ్లు విషమవుతాయని భయపడ్డారు. కలువ తొట్టి అంటే ఇరుగుపొరుగుకు అనుమానం ఎక్కడైనా ఒకటేనన్నమాట.

ఇంతా చేసేది పువ్వు కోసమే కదా. ఆ పువ్వును దగ్గరగా కూర్చుని చూసేవాళ్లు తక్కువ. నీలి కలువ పొద్దెక్కాక విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది. ఎర్ర కలువ, చెరువుల్లో కనిపించే పెద్ద తెల్ల కలువ సాయంత్రం చీకటిపడే వేళ విచ్చి, మరునాడు పొద్దున ఎండ ముదిరేదాకా ఉంటాయి. ఉద్యోగాలకు పోయేవాళ్లు రెండు రకాలూ వేసుకోవాలని నా సలహా. లేకపోతే పగలు విచ్చే పువ్వును ఆదివారం తప్ప చూడలేరు.

ఒక్కో పువ్వు మూడు నాలుగు రోజులు ఉంటుంది, కానీ రోజుకో తీరుగా ఉంటుంది. మొదటి రోజు విచ్చిన పువ్వులోకి వంగి చూడండి. నడిమధ్య చిన్న గిన్నెలాంటి గుంటలో తేటగా, కాస్త జిగటగా ద్రవం నిలిచి ఉంటుంది. చుట్టూ కేసరాలు నిటారుగా నిలబడి ఉంటాయి, కానీ అవి ఇంకా పుప్పొడి రాల్చవు. వేరే పువ్వు మీది పుప్పొడి ఒంటికి అంటించుకుని వచ్చిన తేనెటీగ ఆ కేసరాల మీద వాలి, నున్నగా ఉండడంతో జారి ద్రవంలో పడుతుంది. పుప్పొడి అందులో కడుక్కుపోతుంది. కొన్ని ఈగలు తేరుకుని ఎగిరిపోతాయి, కొన్ని అందులోనే ఉండిపోతాయి. రెండో రోజు ద్రవం ఉండదు. కేసరాలు గుంట మీదికి వంగి మూసేస్తాయి, పుప్పొడి ఇవ్వడం మొదలవుతుంది. మొదటి రోజు ఆడపువ్వు, తర్వాత మగపువ్వు. తన పుప్పొడి తనకే పడకుండా ఎంత ఏర్పాటు! దీన్ని చూశాక తొట్టి దగ్గర పురుగుల మందు డబ్బా పట్టుకోబుద్ధి కాదు. పేనుబంక పట్టిన ఆకును నీళ్లలో ముంచి చేత్తో తుడిస్తే చాలు, రాలిన పురుగులను చేపలు తినేస్తాయి.

పని అయిపోయిన పువ్వు ఇక విచ్చుకోదు. మెల్లగా నీళ్లలోకి వాలి మునిగిపోతుంది. వీటిని తీసెయ్యాలి, లేకపోతే కుళ్లి నీటిని పాడుచేస్తాయి. ఇక్కడ కొత్తవాళ్లకు వచ్చే ఇబ్బంది ఒకటే, మొగ్గేదో వాడిన పువ్వేదో తెలియకపోవడం. రెండూ ముడుచుకునే ఉంటాయి. వేళ్లతో పట్టి చూడండి. మొగ్గ గట్టిగా, కొన వాడిగా, కాడ మీద నిలబడి ఉంటుంది. వాడింది మెత్తగా నీళ్లు పీల్చుకుని పక్కకు వాలుతుంది, నొక్కితే రేకుల మధ్య నుంచి నీళ్లు కారతాయి. దాని కాడ పట్టుకుని నీళ్లలోకి చెయ్యి జార్చుకుంటూ పోయి, అందినంత కింద తుంచెయ్యాలి. పసుపు తిరిగిన ఆకులకూ ఇదే పద్ధతి. పచ్చగా ఉన్నవాటి జోలికి మాత్రం పోవద్దు. నీటి పైభాగంలో మూడింట రెండొంతులు ఆకులు పరుచుకుంటే చాలు. అంతకు మించి ఒకదాని మీదొకటి ఎక్కి గాల్లోకి లేస్తుంటే దుంప విడదీసి ఎవరికైనా ఇచ్చే వేళయిందన్నమాట.

పూజకు కొయ్యొచ్చా అని అడుగుతుంటారు. నిక్షేపంగా కొయ్యండి. వినాయక చవితికి, వరలక్ష్మీ వ్రతానికి బజార్లో కొనేకంటే మన తొట్టిలోది కోసి పెట్టడం మంచిది కదా. విత్తనం కట్టే భారం తప్పి మొక్కకూ మేలే. మొదటి రోజు పువ్వును కోస్తే కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇక అందరూ ఎత్తే అసలు అభ్యంతరం, దోమలు. డెంగీ వచ్చి ఆస్పత్రి పాలైన కుటుంబాలు ప్రతి వీధిలో ఉన్నాయి, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. వారానికోసారి నీళ్లు పారబోసి ఆరబెట్టమని ఆరోగ్య కార్యకర్తలు చెప్పేది పూర్తిగా సరైన మాట, కూలర్లకు, డ్రమ్ములకు, టైర్లకు, ఫ్రిజ్ వెనక ట్రేలకు. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం పది రోజులు పడుతుంది, ఆలోపు నీళ్లు పోతే బతకదు. కానీ ఆ దోమ గుడ్లు పెట్టేది నీటి అంచుకు కాస్త పైన, తడి గోడ మీద. ఆ గుడ్లు నీళ్లు లేకుండా నెలల తరబడి ఉండగలవు. గోడ రుద్దకుండా నీళ్లు మాత్రం మారిస్తే, కొత్త నీళ్లు తగలగానే అవి పొదుగుతాయి. పైగా నీళ్లు మార్చినప్పుడల్లా చేపలు చచ్చే తొట్టిలో ఆ పిల్లదోమలను తినేవాళ్లే ఉండరు. ఖాళీ చేసి వదిలేసిన తొట్టిలో వాననీళ్లు చేరితే మరీ ప్రమాదం. చేపలు నిండుగా తిరిగే పాత నీళ్ల తొట్టి దోమకు పుట్టిల్లు కాదు, ఉచ్చు. గుడ్లు పెడుతుంది, పొదిగిన పిల్లలు చేపల నోట్లోకి పోతాయి.

చేపల్లో గప్పీలు తేలిక, వాటంతట అవే పెరుగుతాయి. గంబూసియా ఉచితంగా దొరికినా నేను వెయ్యను. అది కప్ప పిల్లలనూ వేరే చేప పిల్లలనూ వదలదు. నాకు నచ్చింది మన కాలువల్లో నీటి పైపైనే తిరుగుతూ, తల మీద వెండి చుక్క మెరిసే చిన్న చేప. దోమ పిల్ల పైకి తేలేదీ, ఆ చేప కాచుకుని ఉండేదీ ఒకే చోట. ఏ చేప వేసినా వాటిని తీసుకెళ్లి చెరువులో మాత్రం వదలకండి.

వేసవిలో నీళ్ల కరువున్న ఊళ్లో తొట్టి పెట్టుకోవడం న్యాయమేనా అని కూడా నన్ను అడిగారు. ట్యాంకరు కోసం కాచుకున్న రోజులు నాకూ తెలుసు. నీళ్లు మార్చని తొట్టికి కావలసింది ఆవిరైపోయిన మేరకే. మండే ఎండల్లో కూడా అది రోజుకు సెంటీమీటరు లోపే. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు మాత్రం దీనికి పొయ్యకండి, కుళ్లుతాయి. కుళాయి నీళ్లయితే బకెట్లో ఒక రోజు ఉంచి పోస్తే క్లోరిన్ పోతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదనం, సున్నం ఎక్కువున్నవి. ఆవిరయ్యే కొద్దీ ఆ ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. దానికి మందు మన ఈశాన్య రుతుపవనాలే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానను తొట్టిలోకి పడనిచ్చి, పొర్లిపోనిస్తే ఏడాది ఉప్పంతా పలచబడుతుంది. 2021 నవంబరు లాంటి వాన వస్తే చేపలు వీధిలోకి కొట్టుకుపోతాయి కాబట్టి పొర్లే గొట్టానికి జాలీ కట్టడం మరవకూడదు. నీళ్లు మార్చే పనిని ఇలా వానకు వదిలెయ్యడమే అన్నిటికంటే చవక.

ఇదంతా ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. మా కాలనీ పార్కు మధ్యలో గుండ్రటి ఫౌంటెన్ తొట్టి ఉంది. మోటారు కాలిపోయి చాలాకాలమైంది. వాన పడితే దోమలు, పడకపోతే చెత్త. దాన్ని పూడ్చేసి పైన టైల్సు వేద్దామని కొందరు, కొత్త మోటారు బిగిద్దామని కొందరు అంటున్నారు. అందులో కలువలు వేద్దామన్నది నా మాట. రోజంతా ఎండ పడే చోటు, రెండడుగుల లోతు, సిమెంటు సున్నం ఎప్పుడో దిగిపోయింది. ఇంతకంటే మంచి తొట్టి కొత్తగా కట్టించినా రాదు. పిల్లలు పడతారన్న భయం నిజమే, ఆ లోతు చాలు పసిబిడ్డకు ముప్పు రావడానికి. అందుకే చుట్టూ నడుమెత్తు గ్రిల్లు లేకుండా ఒక్క బిందె నీళ్లు కూడా పొయ్యొద్దని నేనే ముందు అంటున్నాను. మోటారుకని వసూలు చేసిన డబ్బు గ్రిల్లుకు సరిపోతుంది. చెరువు మట్టి ఒక ట్రాక్టరు నేను తోలిస్తాను. దుంపలు మా తొట్టిలోవి విడదీసి ఇస్తాను, చేపలూ ఇస్తాను. నీళ్లు పచ్చబడితే మూడు నెలల దాకా ఎవరూ వాల్వు తిప్పకూడదు, కాలనీవాళ్లు నాకు ఇవ్వాల్సిన మాట అదొక్కటే.